నడిచి వచ్చిన కబురు

ఇలా జరుగు పండూ, దిండు నాకూ కాస్త ఇవ్వు. కాళ్ళు ముడుచుకో. ఊఁ కొడుతూ ఉండాలి మరి. నువ్వు ఊఁ కొట్టడం ఆపితే నేను కథ ఆపేస్తాను, ఆ తర్వాత నన్ను అనొద్దు.

అనగనగనగా, ఎండకి కొదవలేని, వానకి మొహం వాచిపోయిన ఒక సీమలో గుర్రాలదిన్నె అని ఒక ఊరు.

ఆ ఊళ్ళో ఇంటికొక గుర్రం ఉండేది. కట్టెలు తేవాలన్నా గుర్రమే, గింజలు మోయాలన్నా గుర్రమే, పక్కూరి చుట్టాన్ని పలకరించి రావాలన్నా గుర్రమే. నడవడమంటే వాళ్ళకి మహా నామోషీ. ఎవరైనా నడిచి వస్తుంటే "పాపం, గుర్రం చచ్చిపోయినట్టుంది" అనుకునేవాళ్ళు. గుర్రం ఉండి కూడా కళ్ళెం చేత్తో పట్టుకుని పక్కన నడుస్తుంటే ఇంకా అన్యాయం. "గుర్రం కింద పడేసిందిరోయ్!" అని పిల్లలు వెంటపడి నవ్వేవాళ్ళు.

ఆ సీమంతా బల్లపరుపు నేల. ఊరికీ ఊరికీ మధ్య చాలా దూరం. ప్రతి ఊరికీ అల్లంత దూరాన ఒక మిట్ట ఉండేది. వచ్చేవాళ్ళు ఆ మిట్ట ఎక్కారంటే ఊళ్ళోవాళ్ళకి కనబడిపోతారు. కాని అక్కణ్ణుంచి ఊళ్ళోకి రావడానికి చాలాసేపు పడుతుంది.

అందుకని వాళ్ళకొక ఆచారం ఉండేది. మంచి కబురైతే గుర్రం పరిగెత్తుతూ రావాలి. బిడ్డ పుట్టిందనుకో, పెళ్ళి కుదిరిందనుకో, ఎవరో ఒకరు దుమ్ము రేపుకుంటూ దౌడు తీస్తూ వస్తారు. అది చూసి, అది ఏ కబురో తెలియకముందే, ఆడవాళ్ళు పళ్ళెంలో పసుపునీళ్ళు కలుపుకుని ఎదురొస్తారు.

చెడ్డ కబురైతే మాత్రం గుంపుగా రావాలి. ఒకళ్ళ వెనక ఒకళ్ళు, గుర్రాలు అడుగులో అడుగేస్తూ, ఎవరూ నోరు మెదపకుండా రావాలి.

గుంపెందుకంటావా? చెడ్డమాట మోసే బరువు ఒక్క మనిషి మీద పెట్టకూడదని. మెల్లగా ఎందుకంటావా? మిట్ట మీద గుర్రాలు మెల్లగా కదులుతుంటే ఊళ్ళోవాళ్ళకి సంగతి తెలిసిపోతుంది. అవి గుమ్మం దాకా వచ్చేలోపు గుండె చిక్కబట్టుకోవడానికి కాస్త వ్యవధి దొరుకుతుంది. ఎవరు పెట్టారో గాని, మనిషి మనసు తెలిసినవాళ్ళే పెట్టి ఉంటారు.

ఆ ఊళ్ళో తిప్పన్న అని ఒకాయన ఉండేవాడు. ఆయనకి ఇద్దరు కూతుళ్ళు. పెద్దది మారెక్క. నల్లగుట్ట అనే దూరపు ఊరికి కాపరానికి వెళ్ళింది. చిన్నది సుంకులు. తల్లి చిన్నప్పుడే పోయింది. సుంకుల్ని చంకనేసుకు తిప్పిందీ, తల దువ్విందీ, దెబ్బ తగిలితే ఊదిందీ అంతా ఆ అక్కే.

వాళ్ళింట్లో ఎర్రటి ఆడగుర్రం ఒకటి ఉండేది. దాని పేరు ఆవగింజ. కాగిన నూనెలో ఆవాలు పడితే ఊరుకుంటాయా? అదీ అంతే.

అలాగని పొగరుబోతు కాదు సుమా. ఒంటరిగా వెళ్తే ఆవులా వెళ్ళేది. పక్కన నడుస్తూ తీసుకెళ్తే, భుజం మీద ముక్కు పెట్టుకుని పసిపిల్లలా వచ్చేది. నాలుగు గుర్రాలు కనబడితేనే దానికి పూనకం. ముందు ఇంకో గుర్రం తోక ఊగిందంటే ఇక నిలవలేదు. లోకంలో కొందరు అంతే పండూ, మనుషులు గుమికూడితే చాలు పండగనుకుంటారు. ఎందుకు గుమికూడారో అడగరు.

ఒక ఏడు తిప్పన్నకి జబ్బు చేసింది. గుర్రం ఎక్కే ఓపిక పోయింది. చెడ్డ కబురు మోసే గుంపులోకి ఇంటికొకరు వెళ్ళాలి, అదీ ఆ ఇంటి గుర్రం మీదే వెళ్ళాలి. అప్పుడు నాన్న బదులు సుంకులు జీను కట్టింది.

మొదటిసారి ఏమైందో చెప్తా విను.

ఊళ్ళో ఒక పెళ్ళికొడుకు ఉన్నాడు. ఎల్లుండి పెళ్ళి పెట్టుకుని చింతచిగురు కోసం చెట్టెక్కాడు. కొమ్మ విరిగింది, కాలూ విరిగింది. పెళ్ళి ఆగిపోయిందని ఆడపిల్లవాళ్ళకి చెప్పాలి కదా. గుంపు బయల్దేరింది. అందరికంటే ముందు కదిరప్ప అనే పెద్దాయన, తన ముసలి తెల్లగుర్రం మీద. ఆయన నవ్వగా ఎవరూ చూడలేదు. ఆయన వెనక హుసేనప్ప. ఆయన నవ్వకుండా ఉండగా ఎవరూ చూడలేదు. ఆ వెనక ఇంకొందరు. అందరికంటే చివర సుంకులు.

కాస్త దూరం బాగానే సాగింది. అప్పుడు ఆవగింజ ముందున్న తోకలు చూసింది. ముందు ఒక గంతు వేసింది. ఆ తర్వాత గట్టిగా సకిలించింది. ఆ తర్వాత, అందరూ ఊపిరి బిగబట్టి మౌనంగా వెళ్తుంటే, వెనకనుంచి పెద్ద చప్పుడు ఒకటి చేసింది. ఏం చప్పుడో నేను చెప్పను. నువ్వు నవ్వకు. అక్కడ హుసేనప్ప నవ్వాపుకోలేక దగ్గినట్టు నటించాడు. సుంకులుకి జీనులోంచి భూమిలోకి దూరిపోవాలనిపించింది.

"తప్పయింది పెద్దయ్యా, తప్పయింది మామా" అని అందరికీ చెప్పుకుంటూనే ఉంది. ఆవగింజ మాత్రం వరస తప్పి, ఒక్కొక్కళ్ళనీ దాటుకుంటూ, కదిరప్ప పక్కకి వచ్చేసింది. ఆయన తలపాగా చెంగు గాలికి ఊగుతోంది. దానికి ఇదీ తోకే అనిపించిందో ఏమో, పళ్ళతో పట్టుకుని లాగింది. తలపాగా ఊడి చుట్లు చుట్లుగా విడిపోయింది. ఇక అదే పరుగు. మిట్ట ఎక్కి, దిగి, నోట్లో బారెడు గుడ్డ జెండాలా ఎగరేసుకుంటూ ఊళ్ళోకి దౌడు తీసింది.

ఆడపిల్లవాళ్ళు చూశారు. గుర్రం పరిగెత్తుతూ వస్తోంది, పైగా జెండా! అప్పుడు మేళగాళ్ళు డోలు అందుకున్నారు. వంటవాళ్ళు అరిసెలకి మూకుడు పెట్టేశారు. పెళ్ళికూతురి నాన్న ఎదురొచ్చి, "ముహూర్తం ముందుకి జరిపినారా పాపా? రేపేనా?" అని సంతోషంగా అడిగాడు.

సుంకులు వెనక్కి తిరిగి మిట్ట వంక చూసింది. అప్పుడు బోడితలతో కదిరప్ప మెల్లగా వచ్చి, దిగి, కాలు విరిగిన సంగతి చెప్పాడు. డోలు ఆగిపోయింది. పెళ్ళికూతురు మాత్రం తలుపు వెనకనుంచి, "చింతచిగురుకా?" అంది. అందరూ నవ్వేశారు. కాలే కదా, అతుక్కుంటుంది. ఆ తర్వాత పెళ్ళీ అయింది, పిల్లలూ పుట్టారు, నీకు ఆ బెంగ అక్కర్లేదు.

ఇంటికొచ్చి సుంకులు నాన్నకి చెప్పింది. తిప్పన్న నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు.

"దాని తప్పేముంది పాపా? నలుగుర్ని చూస్తే దానికి సంబరం. ఏం కబురు మోస్తాందో దానికి ఎట్ల తెలుస్తాది?" అన్నాడు.

"దానికి తెలియకపోతే పాయ. మొహం యాడ పెట్టుకోవల్లో నాకు తెలీలేదు నాయనా" అంది సుంకులు.

ఆ సిగ్గు నవ్వుతో పోయింది. రెండోసారిది అలా పోలేదు.

ఊళ్ళో చౌడప్ప అని బాగా పెద్దాయన కాలం చేశాడు. ఆయన చెల్లెలు రంగమ్మవ్వ వేరే ఊళ్ళో ఉంది. ఈసారి సుంకులు పంటి బిగువున కళ్ళెం బిగించి పట్టుకుంది. ఎంత బిగించిందంటే అరచేతులు కమిలిపోయాయి. ముందుకు పోనివ్వకపోయేసరికి ఆవగింజ పీతలాగ అడ్డంగా నడిచింది. ఒళ్ళంతా చెమటతో నురగ కట్టింది. అందులో సగం సుంకులు కంగారే. పైన కూర్చున్న మనిషి గుండె దడదడలాడుతుంటే కింద ఉన్న గుర్రానికి తెలియదా? "ఎక్కడో ఏదో జరుగుతోంది" అనుకుని అది ఇంకా రెచ్చిపోయింది.

ఒక గుర్రం గంతులేస్తుంటే పక్క గుర్రం ఊరుకుంటుందా? హుసేనప్ప గుర్రం చెవులు నిక్కించింది. దాని వెనకది తల ఎగరేసింది. మిట్ట ఎక్కేసరికి కదిరప్ప ముసలి గుర్రానికి కూడా పాత రోజులు గుర్తొచ్చాయి. ఇక గుంపు గుంపంతా, పట్టినా ఆగకుండా, మిట్ట మీద నుంచి పరుగున దిగింది.

అంతమంది కలిసి పరిగెత్తి రావడం ఆ ఊళ్ళో ఎవరూ ఎన్నడూ చూడలేదు. ఒక్క గుర్రం వస్తేనే మంచి కబురు కదా, ఇన్ని వస్తే ఎంత మంచి కబురో! అన్న జబ్బుగా ఉన్నాడని రంగమ్మవ్వకి తెలుసు. వణికే చేతుల్తో పసుపునీళ్ళ పళ్ళెం పట్టుకుని బయటికొచ్చింది. నోట్లో పళ్ళు లేవు. అంత పెద్ద నవ్వు.

ముందు వచ్చింది ఆవగింజే. రంగమ్మవ్వ దాని మెడ నిమిరి, "మా యన్న లేచి కూర్చున్యాడా తల్లీ? బువ్వ తింటాండాడా?" అని అడిగింది.

సుంకులు మొహం తిప్పేసుకుంది. అప్పుడు కదిరప్ప దిగి చెప్పాల్సింది చెప్పాడు.

పళ్ళెం జారి పడలేదు పండూ. రంగమ్మవ్వ దాన్ని మెల్లగా అరుగు మీద పెట్టింది. సుంకుల్ని తిట్టనూ లేదు. "ఇచ్చి లాక్కుంటివి కదమ్మా" అంది, అంతే. లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది.

తిరిగొస్తుంటే దారి పొడుగునా ఎవరూ ఏమీ అనలేదు. కదిరప్ప కూడా తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. నలుగురిలో నవ్వులపాలైతే ఒక సిగ్గు. అది మన మొహం మీద ఉంటుంది, కడుక్కుంటే పోతుంది. మన వల్ల ఇంకొకరి గుండెకి కోత పడితే అది వేరే. సుంకులు ఆ రాత్రి అన్నం తినలేదు. తిప్పన్న ఈసారి నవ్వలేదు. కూతురి కమిలిన అరచేతులకి ఆముదం రాసి, పక్కన కూర్చున్నాడు.

ఊఁ కొట్టడం లేదేమే? పడుకున్నావా? వింటున్నావా, సరే.

ఆ తర్వాత తిప్పన్న జబ్బు ముదిరింది. మారెక్క చంటిబిడ్డని ఎత్తుకుని నల్లగుట్ట నుంచి వచ్చింది. నాన్నకి జావ కాచి పోసింది, కాళ్ళు పిసికింది. కాని ఎంతకాలమని ఉంటుంది? అత్త మంచాన పడి ఉంది, వేరుశనగ కోతకొచ్చి ఉంది. వెళ్ళక తప్పలేదు.

వెళ్ళేటప్పుడు ఆవగింజ మెడ పట్టుకుని చెల్లెలితో అంది. "సుంకులూ, నాయనకి నయమైతే దీన్ని దౌడు తీయించుకుంటా రా. రోజూ నీళ్ళకు పోయేటప్పుడు మిట్ట తట్టు చూస్తాంటా. దీని ఎరుపు ఎంత దూరాన్నుంచైనా నాకు తెలుస్తాది."

"సరేక్కా" అంది సుంకులు.

నయం కాకపోతే ఎలాగన్నది అక్కా అడగలేదు, చెల్లెలూ అడగలేదు.

నయం కాలేదు పండూ. ఎంత చేసినా కాలేదు. పండుటాకు రాలిపోతుంది, మనం కొమ్మని తిట్టి ఏం లాభం? ఒక తెల్లవారుజామున తిప్పన్న సుంకుల్ని దగ్గరికి పిలిచి, "అక్క గుర్రం కోసం చూస్తాంటాది" అన్నాడు. ఇంకేమీ అనలేదు. పొద్దెక్కేసరికి ఆయన లేడు.

సుంకులుకి ఏడుపు కంటే ముందు భయం వచ్చింది. రంగమ్మవ్వ బోసినవ్వు కళ్ళ ముందుకొచ్చింది. ఆ నవ్వు ఈసారి అక్క మొహం మీద ఉంటుంది. ఆవగింజ పరుగు చూసి, నాన్న లేచి తిరుగుతున్నాడనుకుని, బిడ్డని చంకనేసుకుని ఎదురొస్తుంది. అప్పుడు తను మొహం తిప్పేసుకోవాలా?

కదిరప్ప గుంపుతో గుమ్మంలోకి వచ్చాడు. ఎన్నడూ లేనంత మెత్తటి గొంతుతో, "పాపా, ఆవగింజని ఈడనే కట్టేయ్. నా ఎనక కూర్చో. ఈ పొద్దు ఆచారం తప్పినా ఎవురూ ఏమనరు" అన్నాడు.

సుంకులు ఆలోచించింది. మెల్లగా తల అడ్డంగా ఊపింది.

"అది కనపడకపోతే అక్క ఇంకెవరిదో కబురనుకుంటాది పెద్దయ్యా. మీరు గడపలోకి వచ్చేదాకా, మా నాయన బాగుండాడనే అనుకుంటాది. మా ఇంటి గుర్రం కనపడాల. కాని పరిగెత్తకూడదు" అంది.

కదిరప్ప ఆవగింజ వంక చూశాడు. ఆవగింజ ఆయన తలపాగా వంక చూసింది. ఆయన పెద్ద నిట్టూర్పు విడిచి తన గుర్రమెక్కాడు.

బయల్దేరారు. సుంకులు చివర. కళ్ళెం బిగించలేదు, వదల్లేదు. దాని మెడ మీద చెయ్యి వేసి, "నాయన పోయినాడే. ఇయ్యాల పండగ కాదే" అని చెవిలో చెప్పింది. దానికి ఎలా తెలుస్తుంది? కాస్త దూరం తల వంచుకుని నడిచింది. అప్పుడు ముందు తోకలు ఊగాయి. చెవులు నిక్కాయి. ఒక గంతు. ఆ తర్వాత సకిలింపు. ఆ తర్వాత పీతనడక. సుంకులుకి ఏడుపూ వచ్చింది, కోపమూ వచ్చింది. నిజం చెప్పాలంటే దాని మీద కొంచెం జాలి కూడా వేసింది. దాని ఒంట్లో అంత సంతోషం ఎవరు పెట్టారో, అది మాత్రం ఏం చేస్తుంది?

దారిలో మేకలు కాసుకునే పిల్లలు కొందరు రాళ్ళ మీద కూర్చుని ఉన్నారు. ఆ ముందరే నల్లగుట్ట మిట్ట కనబడుతోంది. మిట్ట ఎక్కితే ఇక ఏదీ చేతిలో ఉండదు.

అప్పుడు సుంకులు గుర్రం దిగింది.

హుసేనప్ప వెనక్కి తిరిగి చూసి అదిరిపడ్డాడు. "ఏం చేస్తాండావు పాపా? ఎక్కు, ఎక్కు. ఎవురన్నా చూస్తారు!" అన్నాడు.

సుంకులు ఆవగింజ మొహం దగ్గర కళ్ళెం పట్టుకుని గుంపు ముందుకి నడిచి వచ్చింది. "పెద్దయ్యా, నన్ను ముందర నడవనీ. దీని ముందర తోక ఉండకూడదు. పైన నేనుంటే పరుగు తీస్తాది. పక్కన నడిస్తే వస్తాది" అంది.

కదిరప్ప తన గుర్రాన్ని పక్కకి తీశాడు. సుంకులు ముందు నడిచింది. ఆవగింజ ఆమె భుజం మీద ముక్కు పెట్టింది. ఎదర తోకల్లేవు, చప్పుళ్ళు లేవు. అది తన మానాన నడిచింది.

మేకల పిల్లలు చూశారు. పిల్లలు కదా, వాళ్ళకేం తెలుసు? "గుర్రం కింద పడేసిందిరోయ్! గుర్రాలదిన్నె అమ్మిని గుర్రం పడేసిందిరోయ్!" అని చప్పట్లు కొట్టారు. వెనక గుర్రాల మీద ఉన్నవాళ్ళందరూ తలలు దించుకున్నారు. ఊరి పరువు కదా మరి. సుంకులు మొహం ఎర్రబడింది. ఎక్కేస్తే ఈ నవ్వు ఆగిపోతుంది, ఒక్క క్షణం పని. ఒక చెయ్యి జీను మీదికి వెళ్ళింది కూడా.

కాని ఎక్కలేదు. నవ్వనీ అనుకుంది. వాళ్ళు నవ్వితే తనకే కదా, అక్కకి కాదు కదా. జీను మీది చెయ్యి తీసేసి నడిచింది.

కాసేపటికి వెనక ఏదో అలికిడైంది. కదిరప్ప గుర్రం ఆపాడు. నడుం పట్టుకుని, మూలుగుతూ, ముసలి కాళ్ళు కింద పెట్టాడు.

"ఈ జీను కరుస్తాందప్పా. రవ్వంత దూరం నడుస్తా" అన్నాడు, ఎవరి వంకా చూడకుండా.

హుసేనప్ప ఒక్క క్షణం ఆయన్ని చూశాడు. నవ్వే మొహం నవ్వలేదు. "నాకైతే పొద్దున్నుంచీ కరుస్తాంది" అని తనూ దిగాడు.

ఆ తర్వాత వాళ్ళ వెనకాయన దిగాడు. ఆ వెనకాయనా దిగాడు. గుర్రాలన్నీ జీనులు ఖాళీగా మోసుకుంటూ, మనుషులందరూ పక్కన నడుస్తూ వెళ్ళారు. మేకల పిల్లల చప్పట్లు ఆగిపోయాయి. అందులో పెద్దపిల్ల ఒకతి లేచి నిలబడింది. ఎందుకు లేచిందో దానికే తెలియదు.

అటు నల్లగుట్టలో మారెక్క బిడ్డని చంకనేసుకుని, బిందె పట్టుకుని బావికి వచ్చింది. రోజులాగే మిట్ట వంక చూసింది. ముందు ఎరుపు కనబడింది. ఆవగింజ! గుండె ఎగిరిపడింది. "వచ్చె, వచ్చె, నా చెల్లెలు వచ్చె" అంది పక్కవాళ్ళతో.

అప్పుడు పరుగు కోసం చూసింది. పరుగు లేదు. ఆవగింజ మెల్లగా దిగుతోంది. దాని మీద ఎవరూ లేరు. పక్కన ఎవరో నడుస్తున్నారు. దాని వెనక ఇంకొక గుర్రం, దాని మీదా ఎవరూ లేరు. వరసగా అన్నీ అంతే.

అలాంటిది ఆ సీమలో ఎవరూ చూసి ఎరగరు. బావి దగ్గరున్న ఒకామె, "ఇదేందమ్మా, అందర్నీ ఒకేసారి పడేసినాయా గుర్రాలు?" అని నవ్వబోయింది.

"నవ్వద్దండి. అది మా నాయన కబురు" అంది మారెక్క.

బిందె పక్కన పెట్టి, బావిగట్టు మీద కూర్చుంది. వాళ్ళు మిట్ట దిగి వచ్చినంతసేపూ ఏడ్చింది. ఎవరూ వద్దనలేదు, ఎవరూ తొందరపెట్టలేదు. నాన్న తనని ఎత్తుకున్నదీ, కోప్పడ్డదీ, కాపరానికి పంపుతూ గుమ్మంలో నిలబడ్డదీ, అన్నీ తలుచుకోవడానికి ఆ దారి సరిపోయింది. ఆ తర్వాత చేద నీళ్ళతో మొహం కడుక్కుంది. కొంగు బిగించుకుని, బిడ్డని ఎత్తుకుని ఊరి బయటికి ఎదురు వెళ్ళింది.

కదిరప్ప ఆచారం ప్రకారం మాట చెప్పడానికి ముందుకొచ్చాడు. మారెక్క చెయ్యి అడ్డం పెట్టింది. "తెలిసింది పెద్దయ్యా. చానా దూరం నడిచినారు, నీళ్ళు తాగండి" అంది.

చెల్లెలి కాళ్ళ వంక చూసింది. దుమ్ము మోకాళ్ళ దాకా ఉంది. ముల్లు గీరిన చోట నెత్తురు కట్టింది.

"నడిచి వస్తివా?" అంది.

"దాని పైన ఉంటే ఆగదు కదక్కా" అంది సుంకులు. "దారిలో పిల్లోళ్ళు నవ్విరి."

మారెక్క ఒక చేత్తో బిడ్డనీ ఒక చేత్తో చెల్లెల్నీ దగ్గరికి తీసుకుంది.

"నవ్వితే నవ్విరి. నువ్వు పరిగెత్తుకుంటా వచ్చింటే నేను నవ్వుకుంటా ఎదురొచ్చేదాన్ని సుంకులూ. నాయన పోయిన పొద్దు నేను నవ్వినా అని చచ్చేదాకా నన్ను అది పీక్కు తినేది" అంది.

అప్పుడు గాని సుంకులు ఏడవలేదు. పొద్దున్నుంచీ దాచుకున్నదంతా అక్క భుజం మీద ఏడ్చింది.

ఆవగింజ ఏం చేసిందంటావా? వాళ్ళిద్దరి మధ్యలోకి మొహం దూర్చి, చంటిబిడ్డ కుళ్ళాయి నమలడం మొదలెట్టింది. గుర్రం గుర్రమే కదా. మారెక్క దాన్ని కొట్టలేదు. నాన్న పెంచిన గుర్రం.

ఇక అప్పట్నుంచీ ఆ సీమలో చెడ్డ కబురు తెచ్చేవాళ్ళు మిట్ట కింద గుర్రాలు దిగి, పక్కన నడిచి వచ్చేవాళ్ళు. ఎంత మంచి గుర్రమైనా సరే, దిగేవాళ్ళు. ఎందుకు దిగుతారని కొత్తవాళ్ళు అడిగితే, "జీను కరుస్తుంది" అని చెప్పేవాళ్ళట. అలా నడిచేవాళ్ళని చూసి పిల్లలు కూడా నవ్వడం మానేశారు. సుంకులు పేరు మాత్రం ఎవరికీ గుర్తు లేదు. నాకు మా అమ్మ చెప్పింది కాబట్టి నీకు చెప్తున్నాను.

ఇదిగో పండూ, నలుగురిలో తలొంచుకోవాల్సి వస్తే ముందు ఒకటి చూసుకో. నా మొహం కాపాడుకుంటున్నానా, ఎదుటి మనిషిని కాపాడుతున్నానా అని. రెండోదైతే నవ్వేవాళ్ళని నవ్వనీ. ఇప్పుడు అర్థం కాకపోయినా పరవాలేదు, పడుకో. కళ్ళు మూసుకో. నేను ఇక్కడే ఉంటాను.

నడిచి నడిచి కథ కంచి చేరింది,
అలిసి అలిసి గుర్రం గాడి చేరింది,
మెల్లమెల్లగ కునుకు కన్ను చేరింది,
మన ఇల్లు మనకుంది, దుప్పటి వెచ్చగుంది.